చెప్పిన ధర

డిసెంబర్ 18

అత్తా,

మొత్తానికి పంపేశాను. ఎనిమిది యూనివర్సిటీలు, ఎనిమిది దరఖాస్తులు, అన్నింట్లోనూ ఒకటే ప్రశ్న: "మీరు ఆర్థికశాస్త్రంలో పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నారు?" ఎనిమిదోసారి రాసేటప్పటికి నాకే అనుమానం వచ్చింది, అసలెందుకు చేయాలనుకుంటున్నానా అని. ఫోన్లో చెబుదామంటే నువ్వు వినవు. "ఫోన్లో నీ మాట సగం గాలికే పోతుంది, కాగితం మీద పెట్టు" అంటావు. పెడుతున్నాను, చదువుకో.

నువ్వు ధరలు రాసుకున్న చిత్తు పుస్తకాలు ఇరవై మూడూ కంప్యూటర్లోకి ఎక్కించడం పూర్తయింది. కళ్ళు పీక్కుపోయాయి. పదకొండేళ్ళు ప్రతి గురువారం ధరల ఆఫీసు ఫారం పట్టుకుని అవే పది కొట్లు తిరిగావు. అదే సబ్బు, అదే నూనె, అదే అగ్గిపెట్టె ఎంతని అడిగావు. కొనవు, బేరమాడవు, ధర మాత్రం అడుగుతావు. ఆ కొట్లవాళ్ళు నిన్నెలా భరించారో నాకు అర్థం కాదు.

దరఖాస్తులతోపాటు ఒక వ్యాసం కూడా పంపాలి కదా. నాది నీ ఏడో నంబరు కొట్టు మీద. ధరలు మండిపోయిన ఆ ఏడాది మిగతా తొమ్మిది కొట్లూ పదిహేను రోజుల్లో పెంచేశాయి. ఏడో నంబరు కొట్టాయన పెంచలేదు. పద్నాలుగు నెలలు అలాగే లాక్కొచ్చాడు. నూనె మీద మాత్రం రెండుసార్లు, అదీ పిసరంత పెంచాడు. మా పాఠ్యపుస్తకాల్లో సూత్రాలన్నీ ఆయన గుమ్మం ముందు బోర్లా పడ్డాయనుకో. ఆయన ఎందుకు అలా చేశాడన్నదే నా వ్యాసం.

ఒక్క సందేహం. లేబుల్ మీద కళ్ళారా చూసిన ధరకి "చూ" అనీ, కొట్టాయన నోటితో చెప్పిన ధరకి "చె" అనీ పక్కన రాస్తావు కదా. ఏడో నంబరులో ఆ పద్నాలుగు నెలలూ ఒక్క "చూ" కూడా లేదు. అన్నీ "చె"లే. ఆయన లేబుళ్ళు పీకేశాడా? నేను అలాగే ఊహించి రాసేశాను. సరిపోతుందిగా?

నీ లెక్కలపిల్ల


జనవరి 2

లెక్కలపిల్లా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు, అందులో తింటున్నాను, నిద్రపోతున్నాను అన్న ముక్క ఒక్కటి లేదు. మీ నాన్న కూడా అంతే, చిన్నప్పటినుంచీ అవసరమైనది తప్ప అన్నీ చెబుతాడు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పైనింటివాళ్ళ స్నానాలగది నీళ్ళు నా పడగ్గది గోడలోకి దిగుతున్నాయి. ప్లంబరు మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా గోడకి చెవి ఆనించి వింటాడు, డాక్టరు గుండె చూసినట్టు. విని, "ఇక్కడ కాదండీ" అని వెళ్ళిపోతాడు.

ఏడో నంబరు సంగతి అడిగావు. ఆ కొట్టు తీసేయ్. తొమ్మిది కొట్లు చాలవా నీకు? అప్పట్లో నాకు ఒంట్లో బాగుండేది కాదు, ఏదో గీకి ఉంటాను. చిత్తుగా ఉంటాయి కాబట్టే వాటిని చిత్తు పుస్తకాలంటారు. వాటిమీద మేడ కట్టుకోకు.

చలికి చెవులకి ఏదైనా కట్టుకో.

అత్త


ఫిబ్రవరి 11

అత్తా,

ఏడో నంబరు తీసేస్తే నా వ్యాసంలో మిగిలేది నా పేరూ, పేజీ నంబర్లూ. అయినా వ్యాసం ఎప్పుడో వెళ్ళిపోయింది. నీ చేతిరాతకి నువ్వు సిగ్గుపడటం నాకు కొత్తగా ఉంది. చూడనిది చూశానని రాయకూడదని నాకు నేర్పింది నువ్వే కదా.

తింటున్నాను, నిద్రపోతున్నాను. రాశాను, చాలా?

నిన్న పెద్ద యూనివర్సిటీవాళ్ళు కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ చేశారు. నాతో గదిలో ఉండే నర్సు డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద అలాగే పడుకుని ఉంది. ఆవిడ కాళ్ళు కనబడకుండా దుప్పటి అడ్డం కట్టాను. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరమ్మ కళ్ళజోడుకి గొలుసుంది. మొదటి అరగంటా లెక్కలే అడిగారు, నెట్టుకొచ్చాను. ఆఖర్లో ఆవిడ గొలుసు సవరించుకుని, "ఈ దుకాణదారుని మీరు కలిశారా?" అంది.

కలిశానన్నాను. పోయిన అక్టోబరులో ఇంటికి వచ్చినప్పుడు వెళ్ళానని చెప్పాను. ధర ఎందుకు పెంచలేదని అడిగితే, "రేపు పొద్దున మళ్ళీ ఆ మొహాలే చూడాలిగా అమ్మా" అన్నాడని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. ఇంటర్వ్యూ బాగా జరిగినట్టే అనుకుంటున్నాను.

గోడ ఎలా ఉంది?

నీ లెక్కలపిల్ల


ఫిబ్రవరి 20

పిల్లా,

గోడ అలాగే ఉంది.

అక్టోబరులో నువ్వు ఉన్నది నాలుగు రోజులు. అందులో ఏ రోజు వెళ్ళావు? నాతో ఎందుకు చెప్పలేదు? షట్టరు పూర్తిగా ఎత్తి ఉందా, సగమేనా? ఏ చొక్కా వేసుకున్నాడు? మనిషి ఎలా ఉన్నాడు?

ఆ మాట అచ్చంగా అలాగే అన్నాడా? "రేపు పొద్దున మళ్ళీ ఆ మొహాలే చూడాలిగా అమ్మా" అనేనా?

వెంటనే రాయి. వేరే కబుర్లు వద్దు.

అత్త


మార్చి 4

అత్తా,

వేరే కబుర్లు వద్దన్నావు గానీ ఇది చెప్పకపోతే నా పొట్ట పగులుతుంది. ఆరు చోట్ల కాదన్నారు, రెండు చోట్ల రమ్మన్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నాకు ముందూ పల్లకీయే, వెనకా పల్లకీయే.

పెద్దదానిలో ఐదేళ్ళు పూర్తి ఉపకారవేతనం ఇస్తారు. గొలుసు ప్రొఫెసరమ్మే గైడుగా ఉంటుంది. ఎండాకాలంలో స్వయంగా వచ్చి ఏడో నంబరు కొట్టు చూస్తానంటోంది, ఆయనతో మాట్లాడాలట. చిన్నదానిలో ఇచ్చేది సగమే. పైగా నేనే వారానికి రెండు క్లాసులు చెప్పాలి. ఏడాదికి ఆరుగురినే తీసుకుంటారు. ధరల సూచీల మీద ప్రత్యేకంగా చదువు చెప్పే చోటు అదొక్కటే. అక్కడ కొట్టు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఏప్రిల్ పదిహేనులోగా ఏదో ఒకదానికి సరేననాలి. పొద్దున పెద్దది అనుకుంటాను, మధ్యాహ్నానికి చిన్నది అనుకుంటాను. నువ్వేమంటావు?

ఇక నీ ఆరాలకి వస్తాను. ఈ వయసులో ఏమిటత్తా ఇవన్నీ, చొక్కా రంగుతో సహా? నాన్నతో చెప్పనులే. శుక్రవారం సాయంత్రం వెళ్ళాను. బూడిదరంగు చొక్కా వేసుకున్నాడు. షట్టరు సగమే ఎత్తి ఉంది, లోపల ట్యూబులైటు వెలుగుతోంది. నేను నీ మేనకోడల్నని చెప్పగానే లేచి నిలబడ్డాడు. "మీ అత్త ఎలా ఉంది? గురువారాలు ఇటు రావడం మానేసిందే" అన్నాడు.

చాలా? ఇప్పుడైనా నా గోల విను. పెద్దదా, చిన్నదా?

నీ లెక్కలపిల్ల


మార్చి 17

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. రోజూ రాద్దామని కూర్చుంటున్నాను, పెన్ను కదలడం లేదు. ఇవాళ రాసేస్తాను.

ఆయన పోయి తొమ్మిదేళ్ళు దాటింది.

మంగళవారం ఆసుపత్రిలో పోయాడు, నాకు తెలియదు. గురువారం ఎప్పటిలాగే వెళ్ళాను, షట్టరు దించి ఉంది. పక్క కొట్టు టైలరు కుట్టు ఆపకుండానే చెప్పాడు, "మొన్న పోయాడండీ" అని. నేను చేతిలో ఫారం పట్టుకుని నిలబడ్డాను. మా ఆఫీసు పద్ధతి నీకు చెప్పే ఉంటాను. కొట్టు మూసి ఉంటే "మూ" అని రాయాలి. వరసగా రెండు వారాలు "మూ" రాస్తే ఆఫీసరు ఆ కొట్టు జాబితాలోంచి తీసేసి ఇంకో కొట్టు ఇస్తాడు. అది ఇంకో వీధిలో ఉంటుంది. దాదాపు పదేళ్ళు గురువారం అంటే నాకు ఆ గుమ్మమే. వెళ్ళగానే స్టూలు బయట పెట్టేవాడు. "వచ్చిందండీ ధరలమ్మ, ఇవాళ ఎవరి కొంప మీదికో" అనేవాడు. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు, ఇంకేదో ఊహించుకోకు. లేదు కాబట్టే నేను ఏడవడానికి కూడా ఎవరి దగ్గరికీ వెళ్ళలేకపోయాను.

ఆ రోజు నాకు "మూ" రాయడానికి చెయ్యి రాలేదు. షట్టరు ముందు నిలబడి, సబ్బెంత అని మనసులో అడిగాను. చెప్పాడు. నూనెంత అన్నాను. చెప్పాడు. ఫారం నిండిపోయింది. పక్కన "చె" అని రాశాను, చూడలేదు కాబట్టి. ఆ మాత్రం నిజాయితీ మిగిలింది నాకు. అలా పద్నాలుగు నెలలు రాశాను. ఊరంతా ధరలు పెరుగుతున్నాయి, ఈయన ససేమిరా అంటాడు. నూనె మీద రెండుసార్లు పెంచాడు, అదీ గొణుక్కుంటూ. నేను కల్పించానని నువ్వంటే కాదనలేను. కానీ కల్పించినట్టు నాకు గుర్తు లేదు. విన్నట్టే గుర్తు.

తర్వాత నన్ను వేరే వార్డుకి మార్చారు. నా స్థానంలో వచ్చినతను మొదటి వారమే "మూ" రాసేశాడు. నీ వ్యాసం అంతా ఆ పద్నాలుగు నెలల మీదే నిలబడింది. తప్పు నాది, శిక్ష నీకు పడేలా ఉంది. ఆ నంబర్లు చూసి జీతాలు పెంచేవాళ్ళు కదా, ఎవరి అన్నంలోంచి ఎంత తీసేశానో కూడా నాకు తెలియదు.

అయితే నువ్వు ఎవరిని కలిశావు? బూడిదరంగు చొక్కా ఆయనకి ఒకటే ఉండేది, ఆఖరి గురువారం వేసుకున్నది అదే. ఆ మొహాల మాట ఆయన నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు, నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడు గురువారం, వెళ్ళాను. ఇవాళ మళ్ళీ గురువారం, ఇవాళా వెళ్ళాను. షట్టరు తుప్పుపట్టి ఉంది, టైలరు లేడు. పగటిపూట గంటసేపు నిలబడ్డాను. ఎవరూ ఏమీ చెప్పలేదు.

నీకు కనబడి నాకు ఎందుకు కనబడలేదు?

అత్త


ఏప్రిల్ 3

అత్తా,

నీ ఉత్తరం చదివి దొంగకి తేలు కుట్టినట్టు రెండు వారాలు నోరు మూసుకున్నాను. నాన్న ఫోన్ చేసి, "మీ అత్త ఆ పాత వీధిలో ఎవరి కోసమో నిలబడుతోందట, తెలిసినవాళ్ళు చూసి చెప్పారు, నీకేమైనా తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. అది ఇంకో అబద్ధం.

నేను ఆయన్ని చూడలేదు. అక్టోబరులో ఆ వీధికే వెళ్ళలేదు. ఆ నాలుగు రోజులూ దరఖాస్తులు నింపుకుంటూ నీ ముందు గదిలోనే కూర్చున్నాను, నీకూ గుర్తుండే ఉంటుంది. ఇంటర్వ్యూలో ఆవిడ కలిశారా అని అడిగినప్పుడు లేదని చెబితే వ్యాసం తేలిపోతుందనిపించింది, నోరు జారింది. నీకు రాసేటప్పుడైనా నిజం చెబుదామనుకున్నాను. చూడనిది చూశానని రాయకూడదని నేర్పిన మనిషికి ఆ ముక్క ఎలా రాయను? నువ్వు చొక్కా సంగతి అడిగేసరికి, ఆయనంటే నీకు ఇష్టమని అర్థమైంది. ఆయన బతికే ఉన్నాడనుకున్నాను. నువ్వు సంతోషిస్తావని ఇంకో నాలుగు కలిపాను. చొక్కా నేను కల్పించిందే. నువ్వు సగమా అని అడిగావు కాబట్టి షట్టరు సగం అన్నాను. ట్యూబులైటు లేదు. శుక్రవారమూ లేదు.

ఆ మొహాల మాట మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. చిన్నప్పుడు నీ నోట విన్నానేమో అనుకుందామంటే, నువ్వు ఎవరికీ చెప్పలేదంటున్నావు. ఆవిడ ప్రశ్న అడిగింది, నేను నోరు తెరిచాను, ఆ మాట తయారుగా ఉంది. అప్పుడు భయం వేయలేదు. ఇప్పుడు ఆ ఇరవై మూడు పుస్తకాలూ నా మంచం కింద ఉన్నాయంటే నాకు కాళ్ళు కిందికి దించాలనిపించడం లేదు. రెండేళ్ళు ఆ మనిషితో కాపురం చేసినట్టు పనిచేశాను. ఎంత దయగలవాడో అని పొగుడుతూ పేజీలు నింపాను. ఆ దయ అంతా ఆయనదో, నీదో తెలియడం లేదు.

జీతాల గురించి భయపడకు. లెక్క వేశాను, తేడా సూచీలో కనబడనంత చిన్నది.

ఇప్పుడు చిన్న యూనివర్సిటీకి సరేనని మెల్లగా జారుకోవచ్చు. అక్కడ ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ అడగరు. రెండు రోజులు అదే అనుకున్నాను. కానీ వ్యాసం వాళ్ళకీ పంపాను కదా, అక్కడా ఆయనే కూర్చుని ఉంటాడు. ఐదేళ్ళు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవడం నావల్ల కాదు. నిన్న రెండు చోట్లకీ రాసేశాను. పద్నాలుగు నెలలు కొట్టు మూసి ఉందనీ, దుకాణదారు అప్పటికే లేడనీ, నేను ఆయన్ని కలవలేదనీ రాశాను. నీ పేరు ఎక్కడా రాయలేదు.

నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

నీ లెక్కలపిల్ల


ఏప్రిల్ 5

తల్లీ,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోపం వచ్చిందని అర్థమైంది, రావలసిందే. అయినా నా మాట ఒక్కటి విను. చిన్నదానికి సరేనని రాసెయ్, మిగతాది నోట్లోంచి రానివ్వకు. పద్నాలుగు నెలలు రాసింది నేను, నువ్వెందుకు మొయ్యాలి? నేను పోయాక ఎవరికి కావాలంటే వాళ్ళకి చెప్పుకో. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం.

పెద్దదాని జోలికి మాత్రం పోకు. ఆవిడ అక్కడికి వచ్చి ఆ షట్టరు చూడటం నాకు ఇష్టం లేదు.

అత్త


ఏప్రిల్ 19

అత్తా,

నీ ఉత్తరం, నాది దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. నీది వచ్చేసరికి నా చేతిలో ఏమీ మిగల్లేదు.

పెద్ద యూనివర్సిటీ రెండు వాక్యాల్లో సీటు వెనక్కి తీసుకుంది. ప్రొఫెసరమ్మ విడిగా ఒక ముక్క రాసింది. "అంకెలు తప్పయితే దిద్దుకోవచ్చు. మీరు విన్నానన్న మాటని మాత్రం నేను నా క్లాసులో పిల్లలకి చెప్పాను. వాళ్ళకి ఇప్పుడేం చెప్పమంటారు?" అని. దానికి జవాబు ఇంకా రాయాలి. రాస్తాను, ఎప్పుడో.

చిన్న యూనివర్సిటీ నుంచి శాఖాధిపతి పదమూడో తేదీన ఫోన్ చేశారు. గంటన్నర మాట్లాడారు. కలవకుండానే కలిశానని ఎందుకు చెప్పారన్నారు. "చెప్పేటప్పుడు నేను కలిసినట్టే ఉందండీ" అన్నాను.   ఆఖరికి సీటు ఉంచుతామన్నారు. మొదటి ఏడాది ఉపకారవేతనం ఉండదు, కొత్త వ్యాసం రాసి ఒప్పించాక చూస్తారట. అక్కడ లైబ్రరీలో సాయంత్రాలు పని దొరుకుతుందన్నారు. పదిహేనో తేదీన సరేనని పంపాను.

ఏడో నంబరు తీసేసి లెక్కలన్నీ మళ్ళీ చేశాను. మిగతా తొమ్మిది కొట్లూ తొమ్మిది కొట్లలాగే ఉన్నాయి. ధర పెరిగింది, పెంచారు, అంతే. చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నాకు నీ మీద కోపం లేదు. నీకు నా మీద ఉందో లేదో రాయి.

నీ లెక్కలపిల్ల


ఏప్రిల్ 27

లెక్కలపిల్లా,

ఏడాదిపాటు చేతికి డబ్బు రాదంటే మీ నాన్న చిందులేస్తాడు. వెయ్యనీ. నా పెన్షన్ ఉంది, లైబ్రరీలో చీపురు పట్టించినా పట్టుకో, చదువు మాత్రం వదలకు. కోపం ఉంది. పోతుందిలే.

సోమవారం పాత ఆఫీసుకి వెళ్ళాను. నువ్వు అంత చేశాక నేను ఊరుకుంటే ఏం బాగుంటుంది? ఇప్పుడున్న ఆఫీసరు నీకన్నా రెండేళ్ళు పెద్దవాడేమో. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, అంతా విన్నాడు. ఏడేళ్ళు దాటిన ఫారాలు ఉంచరట, అవి పోయాయట. అచ్చయిన సూచీలు ఇక మార్చరట. "ఇప్పుడెందుకండీ ఇవన్నీ, మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అన్నాడు. నా తప్పు ఎవరికీ అక్కర్లేదు. ఆ పద్నాలుగు నెలలూ ఆయన కొట్టు తెరిచే ఉన్నట్టు లెక్క, ఎప్పటికీ. మెట్లు దిగుతుంటే నాకు సిగ్గేసింది, ఎక్కడో సంతోషం కూడా వేసింది. నీ దగ్గర దాచడమెందుకు?

గురువారాలు ఇక వెళ్ళడం లేదు, మీ నాన్నకి చెప్పు.

నీ మార్చి ఉత్తరం, ఏప్రిల్ ఉత్తరం పక్కపక్కన పెట్టుకుని చదివాను. చొక్కా లేదన్నావు. షట్టరు లేదన్నావు. ట్యూబులైటు లేదు, శుక్రవారమే లేదన్నావు. ఒక్కొక్కటీ వరసగా కొట్టేసుకుంటూ వచ్చావు, ఆఫీసులో తప్పులు దిద్దినట్టు. నేను నేర్పిన పనే, వంక పెట్టను. మీ అత్త ఎలా ఉందని ఆయన నా గురించి అడిగాడని రాశావే, అది మాత్రం ఎక్కడా కొట్టెయ్యలేదు. మర్చిపోయావో, చెయ్యి రాలేదో.

ఎప్పుడో గుర్తొస్తుంది నీకు. అది కూడా దిద్దాలనిపిస్తుంది. నాకు తెలుసు తల్లీ, అన్నీ తెలుసు. అయినా దిద్దకు.

అత్త